మెట్లు దిగిన మర్నాడు: ఎనిమిది వారాల నొప్పుల డైరీ

1వ రోజు, ఆదివారం

పొద్దున అమ్మ ఫోన్ చేసి మొక్కు సంగతి చెప్పింది. అలిపిరి నుంచి కొండ నడిచి ఎక్కాలి, దర్శనం అయ్యాక నడిచే దిగాలి. "ఎక్కి బస్సులో దిగడం అందరూ చేసేదే నాన్నా. నేను దిగొస్తానని కూడా మొక్కుకున్నాను" అంది. రోజు కూడా తనే చూసి పెట్టుకుంది. ఇంకా ఎనిమిది వారాలుంది.

ఆరేళ్ల కిందట నేను స్నేహితులతో కలిసి అలాగే ఎక్కి దిగాను. 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. మోకాళ్ల పర్వతం దగ్గర ఊపిరి అందలేదు గానీ, పైకి చేరిన గంటకల్లా మామూలు మనిషినయ్యాను. దిగడం మాత్రం కబుర్లు చెప్పుకుంటూ హాయిగా దిగాం. ఆ మర్నాడు రైల్లో పై బెర్తు నుంచి కిందికి దిగలేకపోయాను. రెండో రోజు ఇంకా ఎక్కువైంది. కుర్చీలో కూర్చోవాలంటే రెండు చేతులూ ఆనించి నెమ్మదిగా ఒరగాల్సి వచ్చింది. నొప్పంతా తొడల ముందు భాగంలో, పిక్కల్లో. నడుము బాగానే ఉంది, చేతులు బాగానే ఉన్నాయి, తొడల వెనక కూడా పెద్దగా ఏమీ లేదు. ఒళ్లంతా కలిసే కదా నడిచింది, మరి కొన్ని చోట్లే ఎందుకు పట్టేసింది? ఆ ప్రశ్న అప్పటినుంచీ నా దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు అమ్మకి 64 ఏళ్లు. ఆ మూడు రోజుల బాధ ఆమెకి రాకూడదు.

అందుకే ఈ ఎనిమిది వారాలూ ఇద్దరం మెట్లకు సిద్ధమవుతూ, ఏ పని చేస్తే ఒంట్లో ఎక్కడ నొప్పి వస్తుందో నేను రోజూ రాసుకోవాలని నిర్ణయించుకున్నాను. అమ్మని డాక్టరుకి చూపించి మోకాళ్లు, బీపీ పరీక్ష చేయించే పని రేపు. నా కోసం ఒక పాత లెడ్జరు తీశాను, రోజుకొక పేజీ. మెడ, భుజాలు, జబ్బలు, ఛాతీ, పొట్ట, నడుము, పిర్రలు, తొడ ముందు, తొడ వెనక, పిక్కలు, మోకాలి కింద ముందు భాగం. కుడికి ఒక గడి, ఎడమకి ఒక గడి. సున్నా నుంచి పది వరకు మార్కులు. నిద్ర లేవగానే ఒకసారి కుర్చీలో కూర్చుని లేస్తాను, ఒక అంతస్తు దిగుతాను, బొటనవేలితో ఒక్కో చోట నొక్కి చూసి మార్కు వేస్తాను. కదలకుండా ఉన్నప్పటి నొప్పికి గడి పెట్టలేదు. ఈ రకం నొప్పి ఊరికే పడుకుంటే దాదాపు తెలియదు. కండ సాగినప్పుడు, నొక్కినప్పుడు, బరువు పడినప్పుడు బయటపడుతుంది.

3వ రోజు, మంగళవారం

మొదటి ప్రయోగం: ఎక్కడం మాత్రమే. మా అపార్ట్‌మెంట్ ఐదంతస్తులు, కింద నుంచి పైదాకా సరిగ్గా 100 మెట్లు. మెట్ల మీద ఎక్కాను, లిఫ్టులో దిగాను. పది సార్లు, వెయ్యి మెట్లు.

నాలుగో విడతకే చొక్కా తడిసిపోయింది. ఏడో విడత చివర నాడి చూసుకుంటే నిమిషానికి 160 దాటింది. పదోసారి పైకి చేరాక రెయిలింగ్ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడిపోయాను. ఈ లెక్కన రేపు మంచం దిగలేననే అనుకున్నాను.

5వ రోజు

నిన్నటి మార్కులు: పిర్రలు 2, తొడ ముందు 1, పిక్కలు 1. ఈ రోజు కూడా అంతే. అంత ఆయాసపడి వెయ్యి మెట్లు ఎక్కితే మిగిలింది ఇంతే.

ఆఫీసులో ఈ మాట చెబితే ఒక సహోద్యోగి "లాక్టిక్ యాసిడ్ ఇంకా పేరుకోలేదేమో" అన్నారు. ఆయన ఒక్కరే కాదు, జిమ్‌కి వెళ్లేవాళ్లు చాలామంది ఈ మాటే అంటారు. మన భాషలో కూడా అదే ఊహ దాగుందేమో అనిపిస్తుంది నాకు. "ఒళ్లు పులిసిపోయింది" అంటాం. పెరుగు పులిసేది లాక్టిక్ ఆమ్లం వల్లే. కష్టపడ్డ కండ కూడా అలాగే పులుస్తుందని అనుకోవడం సహజం.

కానీ లెక్క కుదరదు. గట్టిగా పనిచేసినప్పుడు రక్తంలో పెరిగిన లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లం ఒంట్లో ఉండే రూపం ఇదే), పని ఆపిన గంటలోపే మళ్లీ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. దాన్ని గుండె, కాలేయం, కండలే ఇంధనంగా వాడేసుకుంటాయి. నొప్పేమో 12 నుంచి 24 గంటల తర్వాత మొదలై, రెండో మూడో రోజుకి పతాక స్థాయికి వెళ్లి, వారంలోపు పోతుంది. ఎప్పుడో వెళ్లిపోయినవాడి మీద ఎల్లుండి దొంగతనానికి కేసు పెట్టలేం కదా. పైగా మంగళవారం నాకు అంత ఆయాసం వచ్చిందంటే లాక్టేట్ బాగానే పెరిగి ఉంటుంది. అయినా నొప్పి 2 దాటలేదు.

10వ రోజు, మంగళవారం

రెండో ప్రయోగం: దిగడం మాత్రమే. లిఫ్టులో పైకి, మెట్ల మీద కిందికి. అవే పది సార్లు, అవే వెయ్యి మెట్లు.

వాచ్‌మన్ ఆరోసారికి ఆగలేకపోయాడు. "సార్, పైకి లిఫ్టు, కిందికి మెట్లా? అందరూ ఉల్టా చేస్తారు కదా సార్" అన్నాడు. చెప్పాను, శ్రద్ధగా విన్నాడు. ఊళ్లో తాటిచెట్లెక్కే తన మేనమామ గురించి చెప్పాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఎక్కిన కష్టం కంటే దిగిన మర్నాటి బాధే ఎక్కువని ఆయన అనేవాడట. నేను లెడ్జరు అంచున రాసి పెట్టుకున్నాను.

పదోసారి కూడా నాడి 100 దాటలేదు. చెమట లేదు. పని చేసినట్టే లేదు. ఒక్కటే గమనించాను: ఎనిమిదో విడత నుంచి మెట్టు మీద కాలు ఆనినప్పుడు మోకాలి పైన సన్నగా వణుకు.

13వ రోజు

తొడ ముందు: మొన్న 5, నిన్న 7, ఈ రోజు 5. పిక్కలు: 4, 6, 4. మిగతా అన్నిచోట్లా సున్నా లేదా ఒకటి.

నిన్న పొద్దున మార్కులు వేస్తూ నొప్పి సరిగ్గా ఎక్కడుందో వెతికాను. తొడ మధ్యలో నొక్కితే భరించగలిగేలా ఉంది. అలా వేలు జరుపుకుంటూ కిందికి వస్తే, మోకాలి చిప్పకి నాలుగు వేళ్ల పైన, కొంచెం లోపలి వైపు, ఒక్కసారిగా "అబ్బా" అనిపించింది. కండ నరంలాంటి గట్టి బంధనంగా మారే చోటు అది. కూర్చునే ముందు మోకాలు వంగుతున్న ప్రతి అంగుళానికీ అక్కడే పట్టు తెలుస్తోంది.

ఆయాసం అంతా ఎక్కడంలో, నొప్పి అంతా దిగడంలో. ఈ రెండూ వేరువేరని నా ఒంటి మీద ఇంత స్పష్టంగా చూడటం ఇదే మొదలు.

కారణం ఇదీ. కండ మూడు రకాలుగా పనిచేస్తుంది: కుదించుకుంటూ లాగుతుంది, కదలకుండా బిగపట్టి ఉంటుంది, బిగపట్టి ఉండగానే బరువుకి సాగుతుంది. ఈ మూడో పనిని వ్యాయామ శాస్త్రంలో ఎక్సెంట్రిక్ అంటారు, నేను బ్రేకు పని అని రాసుకుంటున్నాను. మెట్టు దిగేటప్పుడు పై మెట్టు మీదున్న కాలి మోకాలు మెల్లగా వంగుతుంది. ఒళ్లు ఒక్కసారిగా కింద పడిపోకుండా ఆపేది ఆ తొడ ముందు కండ. ఆపుతూనే సాగుతుంది, సాగుతూనే ఆపుతుంది. బావిలో నిండు చేదని పైకి లాగితే రెక్కలు అలుస్తాయి. అదే చేదని తాడు జారకుండా మెల్లగా కిందికి వదిలితే అరచెయ్యి కమిలిపోతుంది. అలసట ఒకచోట, గాయం ఒకచోట.

బ్రేకు పని చవకగా అవుతుంది కూడా. 1952లో ఇంగ్లండులో శాస్త్రవేత్తలు రెండు సైకిళ్లను వీపుకి వీపు పెట్టి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకు తొక్కుతారు, రెండోవారు పెడళ్లు వెనక్కి తిరుగుతుంటే వాటిని ఆపడానికి ప్రయత్నిస్తారు. ఇద్దరి మీదా పడే బలం ఒకటే. కానీ ఆపేవారికి ఖర్చయ్యే ఆక్సిజన్ చాలా తక్కువ. ఎందుకంటే, అదే బలానికి బ్రేకు వేసేటప్పుడు కండలో తక్కువ పోగులు పనిలోకి దిగితే సరిపోతుంది. అక్కడే చిక్కు ఉంది. తక్కువ పోగుల మీద మొత్తం బరువు పడుతుంది కాబట్టి ఒక్కో పోగు మీద ఒత్తిడి ఎక్కువ. వాటిలో బలహీనమైనవి అతిగా సాగి లోపల చెదిరిపోతాయి. 1981లో స్వీడన్ పరిశోధకులు మనుషుల చేత మళ్లీ మళ్లీ మెట్లు దిగించి, వాళ్ల పిక్క కండ ముక్క తీసి మైక్రోస్కోపులో చూశారు. పోగుల్లో వరుసగా ఉండాల్సిన అడ్డగీతలు కొన్నిచోట్ల చెరిగి అలుక్కుపోయి కనిపించాయి. కండ లోపల ఏదో చిరుగుతోందని అమెరికాలో థియోడర్ హఫ్ 1902లోనే రాశాడు. అది కళ్లతో చూడటానికి ఎనభై ఏళ్లు పట్టింది.

15వ రోజు, ఆదివారం

నా తొడలకి ఒకసారి దెబ్బ తగిలింది కాబట్టి తర్వాతి ప్రయోగానికి పనికిరావు. చెల్లెలు ఒప్పుకుంది. స్కూల్లో పాఠాలు చెబుతుంది, రోజంతా నిలబడే ఉంటుంది, వ్యాయామం వేరేగా ఏమీ చెయ్యదు. 1983లో లండన్‌లో చేసిన పరీక్షకు ఇది ఇంటి నకలు: ఒకే ఎత్తు, ఒక కాలు ఎప్పుడూ ఎక్కుతుంది, రెండో కాలు ఎప్పుడూ దింపుతుంది.

వంటింటి ముందు గట్టు మోకాలికి కొంచెం తక్కువ ఎత్తు. కుడి కాలు పైన పెట్టి ఎక్కడం, ఎడమ కాలు పక్కకి చేర్చడం, కుడి కాలు వెనక్కి కింద పెట్టడం, ఎడమ కాలు దించడం. అంటే పైకి ఎత్తే పనంతా కుడి తొడది. కిందికి దింపే బ్రేకు పనంతా ఎడమ తొడది. పదిహేను నిమిషాలు, మధ్యలో మంచినీళ్లకి ఒకసారి ఆగింది. ముగిశాక ఏ కాలు అలిసిందని అడిగితే తడుముకోకుండా "కుడి" అంది. నేను ఊహించిందీ అదే. రేపు ఎడమ తొడ పట్టేస్తుందని కాగితం మీద రాసి, మడిచి తన పర్సులో పెట్టాను, రేపటిదాకా చూడొద్దన్నాను.

17వ రోజు

రాత్రి ఎనిమిదింటికి ఫోన్. "అన్నయ్యా, నీ కాగితం చూశాను. ఎడమ తొడ నిజమే, మెట్లు దిగుతుంటే ప్రాణం పోతోంది. కానీ కుడి పిక్క కూడా పట్టేసింది, అది రాయలేదేం?"

రాయలేదు, ఎందుకంటే నాకు తోచలేదు. నా మార్కుల్లో రెండు పిక్కలూ సమానంగా వచ్చేసరికి, పిక్కలు మామూలుగా అలిశాయని వదిలేశాను. ఫోన్ పెట్టేసి ఆదివారం తీసిన వీడియో నెమ్మదిగా నడిపించి చూశాను. కుడి కాలు వెనక్కి దిగేటప్పుడు ముందుగా నేలని తాకేది వేళ్లు. మడమ ఇంకా గాల్లోనే ఉంటుంది. తర్వాత మడమ మెల్లగా, చాలా మెల్లగా నేలకి ఆనుతుంది. ఆ ఒకటిన్నర అంగుళాల ప్రయాణంలో ఒంటి బరువంతా పిక్క మీద పడి, పిక్క సాగుతోంది. బ్రేకు అక్కడ కూడా ఉంది! ఎడమ తొడ సగం దూరం ఆపితే, మిగతా సగం కుడి పిక్క ఆపుతోంది. చూస్తున్నంతసేపూ ఒళ్లు పులకరించింది. వీడియోని తొమ్మిదిసార్లు చూశాను.

ఇక నుంచి ఏ పని చేసినా ఏ కండ కష్టపడుతోందని అడగను. ఏ కండ బరువుని ఆపుతూ సాగుతోందని అడుగుతాను. రేపటి నొప్పి చిరునామా అక్కడే దొరుకుతుంది.

18వ రోజు

చెల్లెలికి ఎడమ తొడ 7, కుడి పిక్క 6, మిగతావి 1. మెల్లగా నడుస్తుంటే కాసేపు తేలిగ్గా ఉంటోందట, కూర్చుని లేస్తే మళ్లీ మామూలే. కాపడం పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, పెట్టుకోమన్నాను, కానీ నొప్పి రోజుల్ని అది తగ్గిస్తుందని ఆశపెట్టలేదు. నేను పోయిన వారం ఎడమ తొడకే వేడి గుడ్డ పెట్టి కుడి తొడ వదిలేశాను. రెండింటి మార్కులూ ఒక్కలాగే దిగాయి. సాగదీసే వ్యాయామాల సంగతీ అంతే: ముందు చేసినా తర్వాత చేసినా ఈ నొప్పిని తగ్గించేది అతి స్వల్పమని పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు.

ఆలస్యంగా ఎందుకొస్తుందని చెల్లెలు అడిగింది. పోగులు చెదిరింది అప్పుడే అయినా, ఆ చుట్టూ వాపు ప్రక్రియ మొదలై అక్కడి నరాల కొసలు సున్నితం కావడానికి గంటలు పడుతుంది. అందుకే మామూలుగా తెలియని తాకిడి కూడా నొప్పిగా తెలుస్తుంది. పైగా ఆ నొప్పి చాలావరకు కండ చుట్టూ ఉండే పలచని పొర నుంచి వస్తుంది. 2009లో డెన్మార్క్, జపాన్ పరిశోధకులు కలిసి ఇలా పట్టేసిన కాలిలో ఉప్పు నీటి చుక్క ఎక్కించి చూస్తే, కండ లోపల కంటే ఆ పొర దగ్గరే నొప్పి పెరిగింది. నొప్పి ఎంత ఉందో చూసి కండకి ఎంత దెబ్బ తగిలిందో చెప్పలేకపోవడానికి ఇదొక కారణం.

24వ రోజు, మంగళవారం

సరిగ్గా రెండు వారాల తర్వాత దిగుడు ప్రయోగం మళ్లీ. అదే లిఫ్టు, అవే వెయ్యి మెట్లు.

26వ రోజు

తొడ ముందు 2, పిక్కలు 2.

ఏడు నుంచి రెండుకి! ఈ మధ్య రెండు వారాల్లో నేను చేసిందల్లా రోజూ అరగంట నడక. అప్పటి ఒక్క దెబ్బతోనే కండ తనను తాను మార్చుకుంది. ఈ రక్షణ కొన్ని వారాలపాటు తప్పకుండా ఉంటుంది, గట్టి దెబ్బ తర్వాత చేతి కండల్లో ఆరు నెలల దాకా కూడా కనిపించింది. మొదటిసారి అంత నొప్పి రానక్కర్లేదు కూడా, తక్కువ మోతాదు దిగుడు కూడా రక్షణ ఇస్తుంది. అమ్మ కోసం నాకు కావలసింది ఇదే. వెంటనే ఫోన్ చేశాను. ఊళ్లో మా ఇంటి డాబా మెట్లు 18. రోజు విడిచి రోజు ఐదుసార్లు మెల్లగా దిగమన్నాను, గోడ పట్టుకుని. వారానికి రెండేసి సార్లు పెంచుకుంటూ పోవాలి. "ఎక్కకుండా ఎలా దిగుతానురా?" అంది. నిజమే. ఎక్కి దిగమన్నాను.

29వ రోజు, ఆదివారం

చేతుల సంగతి చూడాలని ఎప్పటినుంచో ఉంది. ఐదు లీటర్ల నీళ్ల క్యాన్. ఎడమ చేత్తో పైకి అందించి, కుడి చేత్తో మాత్రం మోచెయ్యి మడిచిన చోటు నుంచి పూర్తిగా చాపేదాకా మెల్లగా దించడం, ఐదు అంకెలు లెక్కపెడుతూ. ముప్పై సార్లు. ఎడమ చేతికి ఆ పని లేదు, పోల్చుకోవడానికి వదిలేశాను.

31వ రోజు

కుడి జబ్బ: నిన్న 4, ఈ రోజు 8. లెడ్జరులో ఇప్పటిదాకా ఇదే ఎక్కువ. మోచెయ్యి పూర్తిగా చాచలేకపోతున్నాను, పూర్తిగా మడవలేకపోతున్నాను. చొక్కా కాలరు గుండీ ఎడమ చేత్తో పెట్టుకున్నాను. కాళ్లు ఒక్కో మెట్టుకి 72 కిలోలు దించితే 7 వచ్చింది, చెయ్యి 5 కిలోలు దించితే 8 వచ్చింది.

దీనికి జవాబు రోజువారీ బతుకులో ఉంది. మంచం మీంచి లేచినప్పటి నుంచి కాళ్లు బ్రేకు పనిలోనే ఉంటాయి: కుర్చీలో కూర్చున్నా, బస్సు దిగినా, వాలులో నడిచినా తొడ ముందు కండ ఎంతో కొంత ఆపుతూనే ఉంటుంది. జబ్బకి ఆ అలవాటు లేదు. సంచి ఎత్తుతాం, కానీ దించేటప్పుడు ధబాలున పడేస్తాం. వ్యాయామం అలవాటు లేనివాళ్లలో ఒకే రకం బ్రేకు పని పెట్టి చూసినప్పుడు జబ్బలే ఎక్కువ దెబ్బతింటాయి, తర్వాత తొడ వెనక కండ, చివరగా తొడ ముందు కండ. నేను తొడలని మెట్ల మీద వెయ్యిసార్లు పెట్టాను కాబట్టి అవి కూడా లొంగాయి.

ఇంకో మాట, ఇది బాధతో రాస్తున్నాను. మా పక్క బ్లాకులో ఇంటర్ చదివే అబ్బాయి కొత్తగా ఒక జిమ్‌లో చేరాడు. మొదటి రోజే వందల బస్కీలు తీయించారట, "నొప్పి రాకపోతే వర్కవుట్ కానట్టే" అంటూ. రెండో రోజుకి తొడలు వాచిపోయి, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. వాళ్లమ్మకి అనుమానమొచ్చి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లింది, నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇప్పుడు బాగున్నాడు. కండ పెద్ద ఎత్తున చితికితే అందులోని పదార్థం రక్తంలోకి చేరి మూత్రపిండాల మీద పడుతుంది. మూత్రం రంగు మారినా, వాపు విపరీతంగా ఉన్నా, కాలో చెయ్యో ఎత్తలేనంత బలహీనంగా ఉన్నా అది ఓర్చుకోవాల్సిన నొప్పి కాదు, ఆ క్షణమే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పిల్లలకి మొదటి రోజే వందలు లెక్కపెట్టించేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. గుంజీళ్ల శిక్ష వేసేవాళ్లని చూసినా అంతే.

36వ రోజు, ఆదివారం

ఊరు వచ్చాను, తెనాలి దగ్గర. దారి పొడవునా నాట్లు. బురదలో వరసగా వంగిన ఆడవాళ్లు, మోకాళ్లు దాదాపు నిటారు, నడుము నుంచి సగానికి మడత. అమ్మ పెళ్లయిన కొత్తలో పదేళ్లపాటు నాట్లకి వెళ్లింది. పక్కన కూర్చుని ఎక్కడెక్కడ నొప్పొచ్చేదో చెప్పమన్నాను.

"మొదటి రోజు సాయంత్రం ఏం తెలీదు. మర్నాడు పొద్దున చాప మీంచి లేవలేం. తొడల వెనక నరాలు గుంజేస్తాయి, నడుము పట్టేస్తుంది. అయినా వెళ్లాలి కదా. నాలుగో రోజుకి ఒళ్లు దారికొస్తుంది. ఇక నెల్లాళ్లు వేసినా అంత బాధ రాదు. మళ్లీ పైఏడు మొదటి రోజు మామూలే."

నేను ఐదు వారాలు లెడ్జరు రాసి తెలుసుకున్నదంతా ఇందులో ఉంది. మోకాలు చాపి వంగితే తొడ వెనక కండ రెండు చివర్లా సాగుతుంది, ఎందుకంటే అది తుంటినీ మోకాలినీ రెంటినీ దాటి వెళ్లే కండ. అంత సాగి ఉన్న స్థితిలో పై ఒంటి బరువు కాస్తుంది, ప్రతి మొక్కకీ ఇంకాస్త వంగి లేస్తుంది. పొట్టిగా ఉన్నప్పుడు బ్రేకు వేసిన కండ కంటే బాగా సాగి ఉన్నప్పుడు బ్రేకు వేసిన కండకే దెబ్బ ఎక్కువ. పైఏడు మళ్లీ ఎందుకొస్తుందంటే, ఒకసారి వచ్చిన రక్షణ ఏడాది నిలవదు.

"తొడల ముందు ఎప్పుడైనా వచ్చేదా అమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి "నాట్లకి రాదు. కళ్లంలో గింజలు ఏరడానికి గొంతుకూర్చుని లేస్తుంటే వచ్చేది" అంది.

43వ రోజు, ఆదివారం

అమ్మతో మంగళగిరి. పానకాలస్వామి మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, మెల్లగా దిగాం. పక్కగా తిరిగి దిగబోతే వద్దన్నాను, నేరుగా, చిన్న అడుగులతో, మడమ మెత్తగా ఆనేలా. రెయిలింగ్ వదలొద్దన్నాను. మంగళవారం ఫోన్ చేస్తే ఆమె చెప్పిన మార్కులు: తొడ ముందు 3, పిక్కలు 3. డాబా మెట్లు పనిచేశాయి.

51వ రోజు

ఇక దిగుడు సాధన బంద్. నొప్పి రెండో మూడో రోజున ముదురుతుంది కాబట్టి, చివరి వారంలో కొత్త దెబ్బ తీసుకుని కొండకి వెళ్లడం తప్పు. సమతలం మీద నడక ఒక్కటే.

56వ రోజు, శనివారం

తెల్లవారుజామున అలిపిరి. పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టాం. తలయేరు గుండు దగ్గర అమ్మ ఆగి, రాయికి మోకాళ్లు, నుదురు ఆనించింది. అలా చేస్తే ఒళ్లు నొప్పులు రావని నమ్మకం. రాయి మీద ఆ గుంటలు చూస్తే, ఎన్ని తరాల మోకాళ్లు ఆనితే రాయి అలా అరిగిందో అనిపించింది. నేనూ ఆనించాను.

గాలిగోపురం దాకా అమ్మ రెండుసార్లే కూర్చుంది. మోకాళ్ల పర్వతం దగ్గర మాత్రం పది మెట్లకొకసారి నిలబడ్డాం. ఐదున్నర గంటలు పట్టింది. రాత్రికి దర్శనమైంది. అమ్మ బయటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు.

57వ రోజు, ఆదివారం

దిగడం. అమ్మకి రెయిలింగ్ అందని చోటల్లా నా చెయ్యి పట్టుకుంది. ఏడో మైలు ఆంజనేయస్వామి దాకా నా కుడి చెయ్యి, అక్కడ ఇడ్లీ తిన్నాక ఎడమ చెయ్యి. నాలుగు గంటల్లో కిందున్నాం.

59వ రోజు, మంగళవారం

ఇదీ పేజీ. తొడ ముందు 2, 2. పిక్కలు కుడి 2, ఎడమ 3. పిర్రలు 1. నడుము 1. కుడి జబ్బ 1. ఎడమ జబ్బ 6.

ఎడమ జబ్బ ఎందుకో నిమిషంసేపు అర్థం కాలేదు. తర్వాత మెట్ల మీద అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. తను ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా బరువు నా ముంజేతి మీద పడేది, మడిచి ఉన్న నా మోచెయ్యి కొంచెం తెరుచుకునేది, నేను ఆపుతూ మెల్లగా వదిలేవాణ్ణి. వందలసార్లు. నెల కిందట నీళ్ల క్యాన్ దించిన కుడి చేతికి ఆ పని ముందే తెలుసు. ఎడమ చేతికి ఇదే మొదటిసారి.

అమ్మకి ఫోన్ చేశాను. తొడలు 2, పిక్కలు 3 అంది. పెరట్లో మొక్కలకి నీళ్లు పోస్తోందట. "పైఏడు మీ పిన్నిని కూడా తీసుకెళ్దాం నాన్నా. దానికి ఇప్పటినుంచే డాబా మెట్లు దిగమని చెప్పు" అంది.

63వ రోజు, శనివారం

ఎడమ చెయ్యి పూర్తిగా చాపగలుగుతున్నాను. అన్ని గడుల్లోనూ సున్నా.